ఉత్తరాల సొరుగు

హాంబర్గ్‌కు వచ్చే మనవాళ్లు ముందుగా అడిగేది బియ్యం సంగతి. సోనా మసూరి దొరుకుతుందా, కరివేపాకు పచ్చిదేనా, గోంగూర ఎప్పుడైనా కంటబడుతుందా అని. దొరుకుతాయి. పెద్ద రైల్వే స్టేషన్‌లో దిగి స్టైన్‌డామ్ వీధిలోకి నడిస్తే అఫ్గాన్‌లవి, టర్కీవాళ్లవి, మనవైపు వాళ్లవి దుకాణాలు వరసగా ఉంటాయి. తిండికి ఇబ్బందిపడ్డవాళ్లను నేను చూడలేదు. ఇంటికొచ్చే ఉత్తరాలు ఎవరు చదువుతారని మాత్రం ఇంతవరకు నన్ను ఒక్కరూ అడగలేదు. వచ్చేముందు నేనూ ఎవరినీ అడగలేదు. దానివల్ల నాకేం జరిగిందో దాచకుండా రాస్తున్నాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి చదువుకనో ఉద్యోగానికనో జర్మనీ బయల్దేరే పిల్లలు, వాళ్ల వెంట వచ్చే భార్యలు చదువుతారని ఆశ.

నాది మిర్యాలగూడ. ఇంజనీరింగ్ కోదాడలో చదివాను. సూర్యాపేట కోడలిని. మా ఆయన హాంబర్గ్‌లో ఓడల సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరారు. బ్లూకార్డు అనే ఉద్యోగుల నివాస అనుమతి వచ్చింది. మామూలుగా జర్మనీలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లాలంటే భార్య ఏ1 పరీక్ష పాసై, జర్మన్ కాస్తయినా వచ్చని చూపించాలి. బ్లూకార్డు ఉన్నవాళ్ల భార్యలకు ఆ నిబంధన లేదు. ఈ మాట తెలిసిన రోజు ఇంట్లో అందరం సంతోషించాం. నేర్చుకుందామని కొన్న పుస్తకం సగం కూడా తిప్పకుండా చెల్లెలికి ఇచ్చేశాను. నా పొరపాట్లన్నిటికీ మొదలు అదే. పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చారు గానీ, భాష అవసరం నుంచి ఎవరూ ఇవ్వలేరు కదా.

మేముండేది విల్‌హెల్మ్స్‌బుర్గ్‌లో. ఎల్బే నది రెండు పాయలుగా చీలిన చోట మధ్యలో ఉన్న పెద్ద లంక అది. సముద్రం అక్కడికి వంద కిలోమీటర్ల పైనే. అయినా ఆటుపోట్లు ఊళ్లోదాకా వస్తాయి, వాటితోపాటే మహా మహా కంటెయినర్ ఓడలు కూడా. లాండుంగ్స్‌బ్రూకెన్ రేవు నుంచి 62వ నంబరు పడవ ఫింకెన్‌వెర్డర్ దాకా వెళ్తుంది. సిటీ బస్సు టికెట్టే దానికీ చెల్లుతుంది. మా బాబును బండిలో కూర్చోబెట్టుకుని ఆ పడవెక్కి ఎన్నో మధ్యాహ్నాలు గడిపాను. పడవలో ఎవరితోనూ మాట్లాడాల్సిన పని లేదు. క్రేన్లు, ఓడలు, గాలి. ఊరు నాకు నిజంగా నచ్చింది. ఆ ఊరితో మాట్లాడే భారం మాత్రం మొత్తం మా ఆయన మీద వదిలేశాను.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్నకు మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో వాటా ఉండేది. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం ట్రాక్టర్ల మీద వచ్చి మిల్లు ముందు రోడ్డు పొడుగునా బారులు తీరేది. కాటా వేసేవాళ్లు, తేమ చూసేవాళ్లు, గుమస్తా చీటీ రాసేవాడు. చీటీ ఉన్నా, బేరం తెగేది మాట మీదే. తేడా వస్తే రైతు తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. చాయ్ తాగి లేచేలోపు ఏదో ఒకటి తేలిపోయేది. కరెంటు బిల్లు ఎక్కువొస్తే నాన్న స్వయంగా ఆఫీసుకు వెళ్లి మాట్లాడి వచ్చేవాడు. కాగితం ఇంటిదాకా వచ్చిందంటే మాట చెడిందనే లెక్క. లాయరు నోటీసో, బ్యాంకు నోటీసో అయి ఉంటుంది. రిజిస్టర్ పోస్టు అనే మాట వింటేనే అమ్మకు గుండె దడ.

ఇక్కడ వరస పూర్తిగా వేరు. ఇన్సూరెన్స్‌వాళ్లు, బడివాళ్లు, ఇంటి ఓనరు, చివరికి కింది ఇంటావిడ, అందరూ ముందు రాస్తారు. కాగితంతోనే మాట మొదలవుతుంది. రాయడం మర్యాద. జవాబు రాకపోతేనే గొడవలోకి దిగుతారు. ఈ తేడా నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే సగం కష్టాలు తప్పేవి.

పోస్టుడబ్బా దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబరు ఉండదు. డబ్బా మీద రాసి ఉన్న ఇంటిపేరును బట్టే పోస్ట్‌మన్ ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది. మేం మా ఆయన ఇంటిపేరు ఒక్కటే అంటించాం. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి ఇంటిపేరు. మన ఆడవాళ్లలో చాలామందికి అంతే కదా. నా రెసిడెన్స్ కార్డు పిన్ నంబరు ఉన్న ఉత్తరం వచ్చి వెనక్కి పోయింది. అది తెలియక వారాల తరబడి ఎదురుచూశాం. తర్వాత నా పేరూ అంటించాం. అప్పటినుంచి నా పేరు మీద ఉత్తరాలు రావడం మొదలైంది. వాటిని తెచ్చి వంటింట్లో గరిటెల కింది సొరుగులో పెట్టేదాన్ని, పిజ్జా కరపత్రాలతో కలిపి. శనివారం ఆయన చూస్తారులే అని. శనివారం ఆయన అలసిపోయి ఉండేవారు. సొరుగు నిండిపోతే బలంగా నెట్టి మూసేదాన్ని.

ఫోన్‌తో ఫొటో తీస్తే తెలుగులోకి మార్చి చూపించే రోజులివి, ఆ మాత్రం ఎందుకు చేయలేదని మీరు అడగవచ్చు. మా చెల్లి అడిగింది. బద్ధకం వల్ల అనలేను. భయం. చదివితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. ఎవరికో ఫోన్ చేయాలి, జవాబు రాయాలి, అది నాకు చేతకాదు. చదవనంతసేపూ ఆ పని లేనట్టే ఉండేది. ఇంజనీరింగ్ చదివినదాన్ని, కోదాడలో పదిమంది ముందు నిలబడి ప్రాజెక్టు వివరించినదాన్ని, ఒక కవరు చింపడానికి భయపడ్డాను. ఈ మాట రాయడం నాకిప్పటికీ కష్టంగానే ఉంది.

టీవీ చందాతో మొదలైంది. ఇక్కడ ప్రతి ఇల్లూ టీవీ, రేడియోల కోసం నెలకు 18.36 యూరోలు కట్టాలి, ఇంట్లో టీవీ ఉన్నా లేకున్నా. ఇంటికి ఒకటే చందా. మా ఆయన కడుతూనే ఉన్నారు. అయినా ఊళ్లో పేరు నమోదైన పెద్దవాళ్లకు ఉత్తరం వస్తుంది, మీ ఇంట్లో ఇంకెవరైనా కడుతుంటే ఆ నంబరు తెలపండి అని. ఒక్క వాక్యం రాస్తే పోయేది. జవాబు లేకపోతే వాళ్లే మన పేరు మీద ఖాతా తెరుస్తారు. నా పేరున బాకీ పెరిగింది, దానికి ఆలస్య రుసుము. చివరికి మా ఆయన రాస్తే సర్దుబాటైంది. సర్దుబాటైంది కాబట్టే నేను మారలేదు.

కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. సూర్యాపేట నుంచి మోసుకొచ్చిన చిన్న గ్రైండర్‌లో ఇడ్లీ పిండి రుబ్బడం నాకు శనివారం రాత్రి పని, బాబు నిద్రపోయాక. మాది చెక్క నేల. ఒకరోజు తలుపు కింద నుంచి గళ్ల కాగితం ఒకటి వచ్చింది. నీలం ఇంకు, గుండ్రటి దస్తూరీ. నాకు అర్థమైనవి అంకెలు మాత్రమే, 22, 6. వాటి కింద గీత కూడా గీశారు. తీసుకెళ్లి సొరుగులో వేశాను. కొన్నాళ్లకు ఇంటి ఓనరు నుంచి హెచ్చరిక వచ్చింది, రాత్రి వేళల చప్పుడు ఆపకపోతే చర్య తీసుకుంటామని. అప్పుడు ఆ గళ్ల కాగితం వెతికి మా ఆయన చేత చదివించాను. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మీ యంత్రం చప్పుడుకు నిద్ర పట్టడం లేదు, మంగళవారం, గురువారం మధ్యాహ్నాలు నేను ఇంట్లో ఉండను, అప్పుడు ఎంతసేపు నడుపుకున్నా నాకు ఇబ్బంది లేదు. అదీ అందులో ఉన్నది. కింద ఫోన్ నంబరు. ఇద్దరం వెళ్లి క్షమించమన్నాం. ఆవిడ గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "నేను రాశాను కదా, మీరు జవాబివ్వలేదు. నా మాట మీకు లెక్కలేదనుకున్నాను" అన్నారు. ఆవిడకు అలా అనిపించడంలో తప్పేముంది? మా ఊళ్లో గోడ మీదుగా పలకరించినా పలక్కుండా లోపలికి వెళ్లిపోతే మేమూ అదే అనుకుంటాం.

ఇక అసలు సంగతి. నా పేరు మీద ఒక ఫోన్ కనెక్షన్ తీసుకున్నాం, రెండేళ్ల ఒప్పందం. కొన్నాళ్లకు చవకగా ప్రీపెయిడ్ కార్డు దొరికింది. పాతది వద్దని చెప్పడానికి దుకాణానికి వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న కుర్రవాడికి ఇంగ్లీషులో చెప్పాను. అతను తలూపి జర్మన్‌లో ఏదో అన్నాడు. అయిపోయిందనుకుని వచ్చేశాను. నా ఖాతా నుంచి నెలనెలా వాళ్లకు పోయే డబ్బును బ్యాంకులో ఆపించాను కూడా. కానీ ఇక్కడ ఒప్పందం గడువు తీరేదాకా డబ్బు కట్టాల్సిందే. వద్దనుకుంటే ఆ మాట రాతపూర్వకంగా పంపాలి. నోటితో అన్నది లెక్కలోకి రాదు. మొదట మర్యాదగా గుర్తుచేస్తూ ఉత్తరం, తర్వాత గట్టిగా మరొకటి, తర్వాత బాకీలు వసూలు చేసే సంస్థ నుంచి, వాళ్ల ఖర్చులు కలిపి. అన్నీ సొరుగులోకే.

అప్పుడే సూర్యాపేటలో మా మామయ్యకు గుండె ఆపరేషన్ పడింది. హైదరాబాద్‌లో చేయించడానికి మా ఆయన వెళ్లారు. నేనూ బాబూ ఇక్కడ. ఆ రోజుల్లో డబ్బాలో పసుపుపచ్చ కవరు ఒకటి కనిపించింది. మామూలు కవర్ల కంటే మందం. పైన గళ్లలో పోస్ట్‌మన్ చేత్తో తేదీ రాసి సంతకం పెట్టి ఉన్నాడు. అది చూస్తేనే మంచి కబురు కాదని తెలుస్తూనే ఉంది. ఆ రాత్రి ఫోన్‌లో ఆయన, "ఏమైనా ఉత్తరాలొచ్చినయా?" అని అడిగారు కూడా. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నారు, వెనక అత్తమ్మ గొంతు వినిపిస్తోంది. "ఏం లేవు, మీరు మామయ్యను చూసుకోండి" అన్నాను. అప్పటికి అది ఆయన మంచికేనని నమ్మాను.

పసుపు కవరంటే ఏమిటో ఇప్పుడు చెప్తాను. కోర్టులు, కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు గడువున్న కాగితాలను అందులో పంపుతాయి. పోస్ట్‌మన్ దాన్ని డబ్బాలో వేసిన తేదీ నుంచే గడువు నడుస్తుంది. మనం తెరిచామా లేదా, అర్థమైందా లేదా అన్నది ఎవరూ అడగరు. నాకొచ్చింది బాకీ కట్టమనే కోర్టు ఆదేశం. దాని మీద అభ్యంతరం చెప్పడానికి రెండు వారాల గడువు. అసలు ఆ బాకీ న్యాయమైనదా కాదా అని ఆ దశలో కోర్టు విచారించదు. అడిగినవాళ్లు అడిగారు, మనం కాదనలేదు, అంతే. కవరులో అభ్యంతరం చెప్పే ఫారం కూడా ఉంటుంది. గడిలో ఒక టిక్కు పెట్టి, సంతకం చేసి పంపాలి. లేదా ఆ రెండు వారాల్లో వసూలు సంస్థకు రాసి వాయిదాలు అడగాలి. నేను రెండూ చేయలేదు. తర్వాత ఇంకో పసుపు కవరు వచ్చింది. మా ఆయన తిరిగొచ్చారు. ఆయనకూ చెప్పలేదు. దాచాను. తెరవకపోవడం భయం వల్లనంటే నమ్మండి. దాచడం మాత్రం తప్పు, దానికి ఏ సాకూ లేదు.

బయటపడింది సూపర్‌మార్కెట్‌లో. నా కార్డు పనిచేయలేదు. ఇంకోసారి పెట్టాను. వెనక వరసలో జనం. పాలు, బ్రెడ్డు, డయాపర్లు బెల్టు మీద అలాగే వదిలేసి బాబును తీసుకుని బయటికి వచ్చేశాను. ఖాతాను జప్తు చేశారు. బాబుకు ప్రభుత్వం ఇచ్చే పిల్లల భత్యం పడేది అందులోనే. ఆ సాయంత్రం సొరుగు మొత్తం లాగి భోజనాల బల్ల మీద పోశాం. అర్ధరాత్రి దాటేదాకా ఆయన ఒక్కొక్కటి చింపుతూ తేదీల ప్రకారం పేర్చారు. నెలకు 20 యూరోల చిల్లర బాకీ, ఖర్చులు, వడ్డీ కలిసి చాలా రెట్లు పెరిగింది. ఆయన కోప్పడలేదు. "ఈ సొరుగు నేను కూడా తెరవలేదు కదా" అన్నారు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బాకీ కట్టేశాం. కట్టినంత మాత్రాన మచ్చ పోలేదు. ఇక్కడ ఇల్లు అద్దెకు అడిగితే షూఫా అనే సంస్థ ఇచ్చే రుణ చరిత్ర కాగితం చూపించమంటారు, మన దగ్గర సిబిల్ స్కోరు చూసినట్టు. మేం పెద్ద ఇల్లు వెతుక్కుంటున్న రోజులవి. హాంబర్గ్‌లో అద్దె ఇల్లు దొరకడం మామూలుగానే గగనం. ఇద్దరి పేరు మీదా దరఖాస్తు పెట్టిన చోటల్లా మమ్మల్ని పక్కన పెట్టారు. బాబు ఇప్పటికీ మా గదిలోనే పడుకుంటాడు.

ఇంత జరిగాక కూడా నేను జర్మన్ క్లాసుకు వెళ్లలేదు. కవర్లు చింపి ఫొటోలు తీయడం మొదలుపెట్టాను, అదే చాలనుకున్నాను. క్లాసు మెట్లెక్కించింది బాబే. హాంబర్గ్‌లో నాలుగున్నరేళ్ల వయసు వచ్చిన ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ దగ్గరలోని ప్రాథమిక పాఠశాలకు తీసుకెళ్లి చూపించాలనే నియమం ఉంది. బడిలో చేరడానికి ఏడాదిన్నర ముందే టీచర్లు పిల్లలతో కూర్చుని మాట, నడక, ఆటపాటలు చూస్తారు. భాషలో బాగా వెనకబడి ఉంటే మరుసటి ఏడాది ప్రీస్కూల్ తప్పనిసరి చేస్తారు. చాలా మంచి పద్ధతి. వాణ్ని నేనే తీసుకెళ్లాను. టీచర్ బొమ్మలు చూపించింది, బంతి విసిరింది, ఒంటికాలి మీద నిలబడమంది. కిటాలో, అంటే ఇక్కడి పిల్లల సంరక్షణ కేంద్రంలో పెరిగినవాడు, అన్నిటికీ జర్మన్‌లో టకటకా చెప్పాడు. తర్వాత ఆమె నావైపు తిరిగి ఏదో అడిగింది. నేను నవ్వాను. మళ్లీ అడిగింది. బాబు నా చున్నీ లాగి, "అమ్మా, రాత్రి పడుకునేటప్పుడు నువ్వు నాకు ఏం కథలు చెప్తావని అడుగుతుంది" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. వాడు దాన్ని జర్మన్‌లో చెప్పాడు. పరీక్ష వాడిది, కానీ జవాబులు రానిది నాకు. ఆమె ఏమీ అనలేదు, ఏదో రాసుకుంది. బయటికొచ్చాక బాబు, "నేను బాగా చెప్పానా?" అని అడిగాడు. వాడు అడిగింది తన జవాబుల గురించి కాదు, నా తరఫున చెప్పిన దాని గురించి. నాలుగేళ్లవాడు మోయాల్సిన బరువా అది?

ఆ వారమే దగ్గరి గ్రంథాలయానికి వెళ్లాను. హాంబర్గ్ నగర గ్రంథాలయాలను బ్యూఖర్‌హాలెన్ అంటారు. వాటిలో కొత్తగా వచ్చినవాళ్లు జర్మన్ మాట్లాడి అలవాటు చేసుకోవడానికి వారం వారం ఉచితంగా కూర్చోబెడతారు, పేరు నమోదు కూడా అక్కర్లేదు. రిటైరైన టీచర్లు, గృహిణులు, అందరూ స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. నా పక్కన సిరియా అమ్మాయి, ఎదురుగా ఘనా నుంచి వచ్చిన పెద్దాయన. తప్పులు మాట్లాడాం, సరిచేశారు, మళ్లీ మాట్లాడాం. తర్వాత ప్రభుత్వం నడిపించే ఇంటిగ్రేషన్ కోర్సులో చేరాను. 600 గంటలు భాష, 100 గంటలు దేశం చరిత్ర, చట్టాలు. ఇవన్నీ నేను పడవల్లో తిరిగిన ఆ మధ్యాహ్నాల్లోనూ ఉన్నాయి. ఎదురుగా ఉన్నాయి.

మిల్లులో మా నాన్న బల్ల మీద ఇనప చువ్వ ఒకటి ఉండేది. ఆ రోజు వచ్చిన ప్రతి చీటీనీ చదివి, ఖాతాలో ఎక్కించి, చువ్వకు గుచ్చి గానీ దీపం ఆర్పేవాడు కాదు. చిన్నప్పుడు ఆ చువ్వ చూస్తూ పెరిగాను. అటువంటిదే ఒకటి ఇక్కడ సంతలో కొన్నాను. డబ్బా తెరిచిన రోజే కవరు చింపుతాను. మూడే చూస్తాను, ఎవరు రాశారు, గడువు ఏ తేదీ, నేనేం చేయాలి. గడువు గోడ క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో ఎక్కుతుంది. జవాబు పంపాకే కాగితం చువ్వకు ఎక్కుతుంది. అర్థం కానిది వస్తే వినియోగదారుల సలహా కేంద్రం ఉంది, తక్కువ ఆదాయం వాళ్లకు నగర ప్రభుత్వ న్యాయ సలహా ఉంది. రెండు వారాల లోపు వెళితే వాళ్లు చేయగలిగింది చాలా ఉంటుంది. గడువు దాటాక వెళితే వాళ్లకూ చేతులు కట్టేసినట్టే.

ఎవరి సాయం లేకుండా నేను మొదట పూర్తిగా చదివింది వరద కరపత్రం. 1962 ఫిబ్రవరిలో ఉత్తర సముద్రం నుంచి తుఫాను ఎల్బేలోకి పొంగి హాంబర్గ్‌లో 315 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మా విల్‌హెల్మ్స్‌బుర్గ్‌వాళ్లే. రాత్రిపూట, నిద్రలో. అందుకే ఈ లంకలో ఉండేవాళ్ల కోసం సైరన్ మోగితే ఏం చేయాలో, ఎటు వెళ్లాలో కరపత్రం వేస్తారు. అంతకుముందు వచ్చినవాటిని నేను పాత కాగితాల డబ్బాలో పడేశాను. నాకేం తెలుసు? 2024 ఆగస్టు ఆఖరున కోదాడ మునిగినప్పుడు, నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడినప్పుడు నేను ఇక్కడ రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పిన్ని వాళ్లను ఎదురింటి అబ్బాయి తలుపులు బాది లేపి మేడ మీదికి ఎక్కించాడు. మన దగ్గర వరద కబురు మనిషి చెప్తాడు. ఇక్కడ నా తలుపు బాదే ఎదురింటి అబ్బాయి లేడు. ఆ పని చేసేది డబ్బాలో వేసిన కాగితం. దాన్ని నేను చింపకుండా పారేస్తూ వచ్చాను.

కింది ఇంటావిడకు పోయిన సంక్రాంతికి సకినాలు ఇచ్చి, ఒక చీటీ కూడా రాశాను, జర్మన్‌లో, నా చేత్తో. మర్నాడు గళ్ల కాగితం మీద జవాబు వచ్చింది. నిలబడ్డ చోటే చదివాను.

బయల్దేరేవాళ్లకు నా మనవి ఒక్కటే. హైదరాబాద్‌లో గ్యోతె కేంద్రం ఉంది, ఆన్‌లైన్ క్లాసులూ ఉన్నాయి. వీసాకు అవసరం లేదన్నా సరే, విమానం ఎక్కేలోపు ఏ1, వీలైతే ఏ2 పూర్తి చేయండి. బియ్యం ఇక్కడ దొరుకుతాయి, పెట్టెలో ఆ బరువు పుస్తకాలకు ఇవ్వండి. భార్యను వెంట తెచ్చుకునే అబ్బాయిలకు ఇంకో మాట. డబ్బా మీద ఆమె ఇంటిపేరు కూడా మొదటిరోజే అంటించండి. డబ్బాకు రెండు తాళంచెవులు ఇస్తారు. రెండోది ఆమెకు ఇవ్వండి. వచ్చిన ఉత్తరాన్ని ఇద్దరూ కలిసి ఆ రోజే చదవండి.